దీపం ఆర్పనివ్వని నవలలు

సైబరాబాద్ పాఠకుడి చేతికి ఏ సస్పెన్స్ నవల ఇవ్వాలి? యుగంధర్ నుంచి ‘తులసిదళం’ దాకా తెలుగులో ఉన్న నిధిని, దానితో పాటు ప్రపంచ థ్రిల్లర్‌ను చదవదలచినవారికి ఒక దారి

సస్పెన్స్ నవలను ఇంకొకరికి సిఫారసు చేయడం తేలికైన పనిగానే కనిపిస్తుంది కానీ, మిగతా పుస్తకాల విషయంలో లేని ఒక ఇరకాటం అందులో ఉంది. కావ్యాన్ని మెచ్చుకునేవారు అందులోని పద్యం చదివి వినిపించవచ్చు, చరిత్ర గ్రంథాన్ని మెచ్చుకునేవారు దాని సారాంశం చెప్పవచ్చు. సస్పెన్స్ నవలలో మాత్రం ఏది గొప్పదో అదే చెప్పకూడనిది కావడం వల్ల, మెచ్చుకునేవారు తమ మెప్పుకు కారణాన్ని దాచిపెట్టి మరీ మెచ్చుకోవలసి వస్తుంది. అందువల్ల ఈ సిఫారసు పుస్తకంతో కాక పాఠకుడితో మొదలు కావాలి. ఎదుటి మనిషిని ఏ ప్రశ్న నిద్రపోనివ్వదో తెలుసుకున్న తరువాతే, ఆ ప్రశ్నను మోసుకొచ్చే నవలను వెతికి ఇవ్వడం సాధ్యమవుతుంది.

ఈ సంగతిని చర్చించడానికి హైదరాబాద్ పశ్చిమాన సైబరాబాద్ అని పిలిచే ఐటీ కారిడార్ కంటే తగిన చోటు లేదు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటి నుంచి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడల మీదుగా విస్తరించిన ఈ ప్రాంతంలో పనిచేసేవారిలో ఎక్కువమంది రోజంతా చేసేది ఒక రకమైన పరిశోధనే. రాత్రి ఆగిపోయిన ఒక ప్రోగ్రామ్ ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో తెలుసుకోవడానికి సపోర్ట్ ఇంజనీరు లాగ్‌లను, అంటే యంత్రం తన పనిని క్షణక్షణం తానే రాసిపెట్టుకున్న చిట్టాలను, వెనక్కి చదువుకుంటూ పోతాడు; కనిపించిన ఫలితం నుంచి కనిపించని కారణం వైపు, ఒక్కొక్క అనుమానాన్ని కొట్టివేస్తూ నడిచే ఆ నడక అచ్చంగా అపరాధ పరిశోధకుడి నడక. అయినా అగాథా క్రిస్టీ పేరో, డాన్ బ్రౌన్ పేరో వెంటనే చెప్పగలిగిన ఈ తరంలో చాలామందికి డిటెక్టివ్ యుగంధర్ పేరు తెలియదు. చదువు ఇంగ్లీషు మీడియంలో సాగడమూ, అద్దె పుస్తకాల కొట్లు మూతపడటమూ, వారపత్రికల సీరియళ్లు ఇళ్లలోంచి తప్పుకోవడమూ కలిసి, ఒక తరం ఆబగా చదివిన సాహిత్యాన్ని తరువాతి తరానికి అందకుండా చేశాయి. ఆ తెగిన దారాన్ని ముడివేయగలిగేది మంచి సిఫారసు ఒక్కటే.

మూడు ప్రశ్నలు, మూడు రకాల నవలలు

పుస్తకాల అంగడిలో థ్రిల్లర్, సస్పెన్స్, డిటెక్టివ్ అన్న మాటలను ఒకదానికి బదులు ఒకటి వాడుతున్నప్పటికీ వాటి మధ్య ఉన్న తేడా సిఫారసు చేసేవారికి స్పష్టంగా తెలిసి ఉండాలి. తెలుగులో అపరాధ పరిశోధక నవల అని పిలిచే డిటెక్టివ్ నవల జరిగిపోయిన నేరంతో మొదలై, ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్నను వెంటాడుతుంది. సస్పెన్స్ నవల, అంటే ఉత్కంఠను ప్రాణంగా చేసుకున్న నవల, జరగబోయే కీడును పాఠకుడికి ముందే చూచాయగా చూపించి, ‘ఇప్పుడేమవుతుంది’ అని అతడిని ఊపిరి బిగబట్టేలా చేస్తుంది. థ్రిల్లర్ వేగాన్ని ఆశ్రయిస్తుంది. గడువు, తరుముడు, ప్రాణాపాయం అన్న మూడింటి మధ్య ‘తప్పించుకోగలరా, ఆపగలరా’ అన్నదే అక్కడి ప్రశ్న.

ఉత్కంఠకూ ఉలికిపాటుకూ మధ్య గీత గీసి చూపించినవాడు సినిమా దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి తెలియకుండా అది పేలితే కలిగేది కొన్ని క్షణాల ఉలికిపాటు మాత్రమేననీ, బాంబు ఉందని ప్రేక్షకుడికి తెలిసి, బల్ల చుట్టూ కూర్చున్నవారికి తెలియక వారు తాపీగా కబుర్లు చెప్పుకుంటూ ఉంటే ఆ నిమిషాలన్నీ ఉత్కంఠతో నిండిపోతాయనీ ఆయన ఫ్రాన్స్ దర్శకుడు ట్రూఫోతో జరిపిన సంభాషణల్లో వివరించాడు. ఫ్రెడరిక్ ఫోర్సిత్ 1971లో ప్రచురించిన ‘ది డే ఆఫ్ ది జాకాల్’ ఇందుకు గొప్ప ఉదాహరణ. ఫ్రాన్స్ అధ్యక్షుడు డీగాల్ హంతకుల చేతిలో చనిపోలేదన్న చరిత్ర ప్రతి పాఠకుడికీ ముందే తెలిసినా, కిరాయి హంతకుడి సన్నాహాలను ఒక్కొక్కటిగా చదువుతున్నంతసేపూ గుండె వేగం తగ్గదు. ముగింపు తెలియకపోవడమే సస్పెన్స్ అన్న సాధారణ నమ్మకాన్ని ఈ ఒక్క నవల సరిదిద్దుతుంది.

మద్రాసు వీధుల్లో యుగంధర్

ఆధునిక అపరాధ పరిశోధక కథ 1841లో అమెరికన్ రచయిత ఎడ్గార్ అలెన్ పో సృష్టించిన డ్యుపిన్‌తో మొదలై, 1887లో కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్‌తో లోకమంతటా వ్యాపించింది. తెలుగు దాకా అది చాలావరకు బెంగాల్ మీదుగా ప్రయాణించింది. 20వ శతాబ్ది తొలి దశకాల్లో బెంగాలీ నవలలకు అనువాదాలూ అనుసరణలూ వెలువడ్డాయి. దేవరాజు వేంకటకృష్ణారావు ‘వాడే వీడు’ను తొలినాటి తెలుగు డిటెక్టివ్ నవలల్లో ఒకటిగా సాహిత్య చరిత్రలో చెప్పుకుంటారు.

ఈ ప్రక్రియకు తెలుగులో స్థిరమైన పేరు తెచ్చినవాడు కొమ్మూరి సాంబశివరావు. ఆయన సృష్టించిన మద్రాసు డిటెక్టివ్ యుగంధర్, సహాయకుడు రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు 1950ల నుంచి కొన్ని దశాబ్దాల పాటు తెలుగు ఇళ్లలో బంధువుల్లా తెలిసిన పేర్లు. ‘చీకటికి వేయి కళ్ళు’, ‘ప్రాక్టికల్ జోకర్’ వంటి నవలల్లో వాక్యం పొట్టిగా ఉంటుంది, సంభాషణ కథను ముందుకు తోస్తుంది, వర్ణన అవసరానికి మించి నిలవదు. చిన్న సైజులో, చవక కాగితం మీద, తక్కువ ధరకు వచ్చిన ఆ పుస్తకాలు రైలు ప్రయాణాల్లోనూ, అద్దె కొట్ల చుట్టూనూ తిరిగి, కొత్తగా అక్షరాస్యులైన వేలాదిమందికి చదవడం అన్న అలవాటును నేర్పాయి. వీటిని చౌకబారు సాహిత్యమని కొట్టివేయడం పండితులకు అలవాటే అయినా, ‘త్వమేవాహం’ రాసిన కవీ, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ వంటి బృహత్తర చరిత్రను కూర్చినవాడూ అయిన ఆరుద్ర స్వయంగా ‘పలకల వెండి గ్లాసు’ అన్న డిటెక్టివ్ నవల రాశాడన్న సంగతిని మరువరాదు. చిక్కుముడి వేసి విప్పడం తక్కువ పని అని ఆ కవి అనుకోలేదు.

యుగంధర్ నవలల్లో సెల్‌ఫోన్ లేదు, సీసీ కెమెరా లేదు, డీఎన్‌ఏ పరీక్ష లేదు. ఈనాటి పాఠకుడికి ఇది లోపంగా తోచవచ్చు కానీ నిజానికి ఆ లేమి వల్లే అక్కడ పరిశోధన అంతా మనుషుల మాటల్లోని పొంతన లేనితనం మీద, చూపు మీద, తర్కం మీద నడుస్తుంది. యంత్రం ఇచ్చే ఆధారాల మధ్య పగలంతా గడిపినవారికి అది హాయినిచ్చే మార్పు.

వారం వారం బిగించిన ముడి

1970ల చివరి నుంచి తెలుగు సస్పెన్స్ నవల రూపాన్ని మార్చినది వారపత్రిక. సీరియల్ రచనలో ప్రతి భాగమూ పాఠకుడు వచ్చే వారం పత్రిక కొనేంత బలమైన ప్రశ్నతో ముగియాలి కాబట్టి, కథను చిన్న చిన్న ఉత్కంఠలుగా కోసి పేర్చే నేర్పు రచయితకు తప్పనిసరి అయింది. ఆ నేర్పులో అందరికంటే ముందు నిలిచిన పేరు యండమూరి వీరేంద్రనాథ్. వృత్తిరీత్యా చార్టర్డ్ అకౌంటెంట్ అయిన ఆయన ఆంధ్రభూమి వారపత్రికలో రాసిన ‘తులసిదళం’ ఒక చిన్నపిల్ల చుట్టూ చేతబడి భయాన్ని అల్లి, మంత్రమా వైద్యశాస్త్రమా అన్న సందేహాన్ని చివరి దాకా తక్కెడ రెండు పళ్లేల్లోనూ సమంగా తూచుతుంది. దానికి కొనసాగింపుగా వచ్చిన ‘తులసి’ 1986లో ‘కాష్మోరా’ పేరుతో సినిమా అయింది.

ఆయన నవలల్లో భయం ఒక పాయ మాత్రమే. ‘అభిలాష’లో ఉరిశిక్షను రద్దు చేయించాలన్న పట్టుదలతో ఒక యువ న్యాయవాది ప్రమాదకరమైన ప్రయోగానికి పూనుకుంటాడు, ఆ పథకం చేయి జారిన క్షణం నుంచి చట్టమే అతడి మెడకు బిగిసే ఉచ్చుగా మారుతుంది. 1983లో ఇది చిరంజీవి కథానాయకుడిగా సినిమాగా వచ్చింది. నవలకు కేంద్రమైన భారత శిక్షాస్మృతి 302వ సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 103వ సెక్షన్ అమలులోకి వచ్చినా, హత్యకు మరణశిక్ష మాత్రం చట్టంలో అలాగే ఉంది, అందుకే నవల లేవనెత్తిన ప్రశ్న పాతబడలేదు. ‘డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు’లో నేరం కంటే సంపాదనే ఉత్కంఠకు ముడిసరుకు. చేతిలో చిల్లిగవ్వ లేని యువకుడు గడువు పెట్టుకుని లక్షలు గడించి చూపుతానని పందెం కాస్తాడు. 1984 నాటి ‘ఛాలెంజ్’ సినిమాకు ఆధారమైన ఈ నవలను స్టార్టప్‌ల గురించి మాట్లాడుకునే రాయదుర్గం యువత ఇవాళ చదివితే దగ్గరి కథగానే తోస్తుంది.

అదే కాలంలో మల్లాది వెంకట కృష్ణమూర్తి ఉత్కంఠలో హాస్యాన్ని కలిపే విద్యను చూపారు. ఆయన ‘చంటబ్బాయ్’ నవలను జంధ్యాల 1986లో సినిమాగా తీశారు. అందులోని డిటెక్టివ్ తెలివిలో హోమ్స్‌కు దీటు కాకపోయినా మంచితనంతో పాఠకుడి మనసు గెలుచుకుంటాడు. ‘శనివారం నాది’, ‘నత్తలొస్తున్నాయి జాగ్రత్త’ వంటి పేర్లు చూస్తేనే, మామూలు వారాన్నీ మామూలు ప్రాణినీ భయహేతువుగా మార్చగల ఆయన ఊహ తెలుస్తుంది. మూడో పాయ గూఢచారి నవలది. మధుబాబు సృష్టించిన షాడో, అతడి అధికారి కులకర్ణి, మిత్రుడు గంగారాం దేశాలు దాటి సాగించే సాహసాలు ఒక తరం కుర్రకారుకు వేసవి సెలవుల అర్థాన్నే నిర్ణయించాయి. అదే రచయిత ‘కాళికాలయం’ జానపద వాతావరణంలో అదే వేగాన్ని చూపుతుంది.

ఎవరికి ఏది

ఇంత సంపద నుంచి ఒక పుస్తకాన్ని ఎంచి ఇవ్వడానికి పాఠకుడి అభిరుచితో పాటు అతడి సమయం కూడా కొలమానం కావాలి. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి 2019 మార్చి 20న, అక్కడి నుంచి రాయదుర్గానికి అదే ఏడాది నవంబరు 29న మెట్రో నడవడం మొదలైన తరువాత, స్టీరింగ్ పట్టుకోనక్కరలేని ఇరవై, ముప్పై నిమిషాలు వేలాది ఉద్యోగులకు రోజూ రెండు పూటలా దొరికాయి. సీరియల్‌గా పుట్టిన నవల ఆ కొలతకు చక్కగా అమరుతుంది, ఎందుకంటే దాని ప్రతి భాగమూ ఒకే విడతలో చదివి, ప్రశ్నతో పక్కన పెట్టడానికే కూర్చబడింది. కాబట్టి మెట్రో పాఠకుడికి యండమూరి, మల్లాది నవలలు మొదటి ఎంపిక కావచ్చు.

తెలుగు చదవడం బడితో ఆగిపోయినవారికి, పేజీ చూడగానే బెదరని సరళ వాక్యం కావాలి గనుక, కొమ్మూరి యుగంధర్ సరైన ప్రవేశద్వారం. తర్కం ఇష్టపడే టెస్టింగ్, డేటా ఉద్యోగులకు, రచయిత ఆధారాలన్నీ ముందే పరిచి, పాఠకుడితో న్యాయంగా ఆడే ఆట నచ్చుతుంది; వారికి అగాథా క్రిస్టీ 1926లో రాసిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ యాక్రాయిడ్’ ఇచ్చి, మరొక్క మాట కూడా చెప్పకుండా ఊరుకోవడమే ఉత్తమమైన సిఫారసు. హంతకుడెవరో మొదటే తెలిసిపోయినా ఆసక్తి నిలుస్తుందా అని సందేహించేవారికి జపాన్ రచయిత కెయిగో హిగషినో 2005 నాటి ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’ సమాధానం చెబుతుంది. నేరం కళ్లముందే జరుగుతుంది, గణితం బోధించే ఒక ఉపాధ్యాయుడు దాన్ని ఎలా కప్పిపుచ్చాడన్నదే అక్కడి లెక్క.

హత్య, రక్తం చదవలేనివారిని ఈ సాహిత్యానికి దూరం అనుకోవడం పొరపాటు. యండమూరి ‘వెన్నెల్లో ఆడపిల్ల’లో నేరం లేదు, ఒక చదరంగ క్రీడాకారుడికి ఫోన్‌లో పరిచయమైన అమ్మాయి, చిక్కుప్రశ్నలు ఇచ్చి తన ఆచూకీ కనుక్కోమంటుంది. ప్రేమకథలో పజిల్‌ను నిలిపిన ఈ నవలను ఆల్గరిథమ్‌లతో పనిచేసేవారికి నిశ్చింతగా ఇవ్వవచ్చు. రాత్రి షిఫ్టులో ఒంటరిగా కూర్చునేవారికి ‘తులసిదళం’ ఇవ్వకపోవడం మంచిది. వారికి ‘చంటబ్బాయ్’ మేలు. ఇల్లే భయపెట్టే కథలు కోరేవారికి, దయ్యం లేకుండానే చనిపోయిన మనిషి నీడను ఇంటినిండా పరిచిన డాఫ్నే డ్యు మారియే 1938 నాటి ‘రెబెకా’ ఉంది. పొరుగు భాషల వైపు చూడదలచినవారికి బెంగాలీలో శరదిందు బంద్యోపాధ్యాయ సృష్టి వ్యోమకేశ్ బక్షి, సత్యజిత్ రాయ్ సృష్టి ఫెలూదా ఉన్నారు. తమిళంలో సుజాత అన్న కలంపేరుతో రాసిన రంగరాజన్ భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరుగా ఓటింగ్ యంత్రం రూపకల్పనలో పాలుపంచుకుంటూనే గణేశ్, వసంత్ అన్న న్యాయవాదుల జంటతో సస్పెన్స్ నవలలు రాశాడు. ఇంజనీరు ఉద్యోగమూ నవలా రచనా ఒకే బల్ల మీద సాగగలవని సైబరాబాద్‌కు ఆయన జీవితం చెబుతుంది.

సిఫారసు ధర్మం

సిఫారసులో ప్రేమ ఎంత అవసరమో నిజాయితీ అంతే అవసరం. పాత తెలుగు థ్రిల్లర్లలో కొన్ని విదేశీ నవలల నీడలో పుట్టాయి. కొన్నింటిలో స్త్రీ పాత్ర ఆపదలో చిక్కుకోవడానికీ, అలంకారానికీ మాత్రమే ఉంది. ‘తులసిదళం’ మూఢనమ్మకాన్ని పెంచుతుందని ఆనాడే రచయిత్రి రంగనాయకమ్మ తీవ్రంగా విమర్శించారు. తెలుగు పల్లెల్లో చేతబడి, బాణామతి అనుమానంతో అమాయకులపై దాడులు, హత్యలు నిజంగా జరిగాయి కనుక ఆ విమర్శను ఛాందసమని తోసిపుచ్చడానికి వీల్లేదు. ఈ నవలను ఇచ్చేవారు ఆ విమర్శనూ పాఠకుడికి తెలియజేయాలి. భయాన్ని కళగా ఆస్వాదించడమూ, భయాన్ని నమ్మకంగా మార్చుకోవడమూ వేర్వేరని చెప్పగలగాలి. పసిపిల్లలకు కీడు, హింస, ఆత్మహత్య వంటి అంశాలు కథలో ఉంటే వాటిని ముందే సూచించడం కథను బయటపెట్టడం కాదు, ఎదుటివారి మనసును గౌరవించడం.

పుస్తకం దొరకడం కూడా సిఫారసులో భాగమే. కాచిగూడ నవోదయ వంటి చిరకాలపు పుస్తక విక్రేతల దగ్గర, ఏటా జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో కొత్త ముద్రణలు దొరుకుతాయి; ఆదివారం ఆబిడ్స్ కాలిబాటల మీద ఎవరో ఏనాడో పేరు రాసుకున్న పాత ప్రతులు బయటపడతాయి; ఆన్‌లైన్ వేదికల్లో తెలుగు ఈ-పుస్తకాలు ఫోన్‌లోకే వస్తాయి. పుస్తకం పేరు చెప్పి వదిలేసిన సిఫారసు కంటే, ఎక్కడ దొరుకుతుందో చెప్పిన సిఫారసు పాఠకుడిని మొదటి పేజీ దాకా చేరుస్తుంది.

తొందరను అనుమానించడం నేర్పే చదువు

ఈ కారిడార్‌కు థ్రిల్లర్ కేవలం కాలక్షేపం కాదనడానికి ఈ నేల మీద జరిగిన చరిత్రే సాక్ష్యం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి డైరెక్టర్ల బోర్డుకు రాసిన లేఖతో, ఏళ్ల తరబడి అందరి కళ్లముందూ ఉన్న లెక్కల్లో 7,000 కోట్ల రూపాయలకు పైగా తారుమారు జరిగిందని లోకానికి తెలిసింది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం నిందితులను దోషులుగా ప్రకటించింది. మంచి అపరాధ పరిశోధక నవల చెప్పే పాఠం కూడా ఇదే: ఆధారం తరచు దాచిన చోట కాక, అందరూ చూసి ప్రశ్నించని చోట ఉంటుంది.

ఇప్పుడు అదే పాఠం ఇంటింటికీ అవసరమైంది. పోలీసులమనో, సీబీఐ అధికారులమనో వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజే ‘డిజిటల్ అరెస్టు’ మోసగాళ్లు ఉత్కంఠ శిల్పాన్ని ఆయుధంగా వాడుతున్నారు. గడువు పెడతారు, కాల్ కట్ చేయవద్దంటారు, ఇంట్లోవారికి చెప్పవద్దంటారు, ఆలోచించే వ్యవధి ఇవ్వరు; థ్రిల్లర్ రచయిత తన పాత్రను ఇరికించడానికి వాడే పనిముట్లు సరిగ్గా ఇవే. డిజిటల్ అరెస్టు అన్నది భారత చట్టంలో లేనే లేదన్న సమాచారమూ, ఫిర్యాదుకు 1930 అన్న నంబరూ ఎంత అవసరమో, ‘ఈ తొందర వల్ల లాభం ఎవరికి’ అని ఆగి అడిగే అలవాటూ అంతే అవసరం. లాభం ఎవరికన్నది అపరాధ పరిశోధకుడు అడిగే ప్రశ్నే కాబట్టి, సస్పెన్స్ నవలలు చదివిన మనసుకు ఆ ప్రశ్న కొంత అలవాటై ఉంటుంది. నవల ఎవరినీ మోసం నుంచి కాపాడతానని హామీ ఇవ్వదు. కానీ భయంలో కూడా ఆలోచించడం సాధ్యమేనని, భద్రమైన కుర్చీలో కూర్చోబెట్టి పదేపదే అభ్యాసం చేయిస్తుంది.

అద్దాల మేడల్లో రాత్రీపగలూ వెలిగే దీపాలు, ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటూ ఒకరికొకరు తెలియని మనుషులు, పాస్‌వర్డుల వెనుక దాగిన జీవితాలు: ఇవన్నీ తెలుగు సస్పెన్స్ రచయిత కోసం సిద్ధంగా ఉన్న ముడిసరుకు. ఆ నవలలు మరిన్ని రావాలంటే ముందు పాత నవలలు కొత్త చేతుల్లోకి వెళ్లాలి, ఎందుకంటే యుగంధర్‌ను చదివిన తరం లేకుండా యండమూరి పాఠకలోకం ఏర్పడేది కాదు. అందుకు పెద్ద సంస్థలు, సభలు అక్కరలేదు. క్యాంటీన్ బల్ల దగ్గర ఒక సహోద్యోగి చేతిలో ఒక పుస్తకం పెట్టి, అది మోసుకొచ్చే ప్రశ్నను ఒక్క వాక్యంలో చెప్పి, మిగతాది మింగేసి ఊరుకుంటే చాలు. దాచుకున్న రహస్యం ఇద్దరికీ తెలిసిన రోజున, ఆ నవల గురించిన అసలు మాట అక్కడే, ఆ బల్ల దగ్గరే మొదలవుతుంది.